‘అంతర్గత లక్షణం’ అంటే బలహీనమైనదా?

ప్రశ్న: మాస్టారూ, మా అమ్మాయి జీవశాస్త్రం పుస్తకంలో బహిర్గత లక్షణం, అంతర్గత లక్షణం అని ఉంది. తేలిగ్గా గుర్తుంటుందని ‘ప్రబలం, దుర్బలం’ అని చెప్పాను. తప్పా?

జవాబు: దుర్బలం అనకమ్మా, అసలు సంగతే పోతుంది. వంశపారంపర్య లక్షణాల మీద బఠాణీలతో ప్రయోగాలు చేసిన మెండల్, గుండ్రటి బఠాణీకీ ముడతల బఠాణీకీ సంకరం చేస్తే మొదటి తరంలో అన్నీ గుండ్రటివే వచ్చాయి. పైకి కనిపించిన గుండ్రదనం బహిర్గతం, కనిపించకుండా దాక్కున్న ముడత అంతర్గతం. వాటిని వాటితోనే పరాగసంపర్కం కానిస్తే 5,474 గుండ్రటివి, 1,850 ముడతలవి. ఇంచుమించు మూడుకి ఒకటి. విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా అంటాం కదా, ఇక్కడ గుండ్రటి విత్తు నాటితేనే ముడతల గింజ కాసింది! అదీ సగం సగం ముడత కాదు, అచ్చం పాత ముడతే. బలహీనమైనదైతే అలా తిరిగొస్తుందా?

అంతః + గతం, అంటే లోపలికి వెళ్ళినది. మెండల్ వాడిన మాటకి వెనక్కి తగ్గినది అని అర్థం. మన మాట ఎక్కడ దాక్కుందో కూడా చెబుతోంది. నాకు అదే ఇష్టం.

ఎందుకు దాక్కుంటుందంటే, గింజలో పిండిపదార్థం సరిగ్గా తయారవడానికి ఒక ఎంజైమ్ కావాలి. దాన్ని తయారుచేయించే జన్యువులు జంటగా ఉంటాయి, తల్లి వైపు నుంచి ఒకటి, తండ్రి వైపు నుంచి ఒకటి. వాటిలో ఒకటి బాగున్నా గింజ గుండ్రంగా ఉండేందుకు అది చాలు. రెండూ చెడితే చక్కెర, నీరు ఎక్కువై, ఎండినప్పుడు గింజ ముడుచుకుపోతుంది.

ప్రశ్న: మరి సమయుగ్మజం, విషమయుగ్మజం?

జవాబు: యుగ్మం అంటే జంట. రెండు జన్యువులూ ఒకే రకమైతే సమ, వేరైతే విషమ. కంటికి కనిపించేది దృశ్యరూపం, లోపలి జంట జన్యురూపం. ఈ మాటలతో పేచీ లేదు.

దుర్బలంతోనే నా బాధ. తలసీమియా అనే రక్తం జబ్బు సంగతే చూడండి, అదీ అంతర్గతమే. భార్యాభర్తలిద్దరూ ఆరోగ్యంగానే ఉంటారు, ఇద్దరిలోనూ ఆ జబ్బు తెచ్చే జన్యువు ఒక్కొక్కటి ఉంటుంది. అప్పుడు ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ‘దుర్బల జన్యువు’ అని వింటే ఏం చేస్తుందిలే అనుకుంటారు. తీరా బిడ్డకి రక్తం ఎక్కించాల్సి వచ్చాక ‘మా వైపు ఎవరికీ లేదు, మీ వైపు నుంచే వచ్చింది’ అని తగువు. ఆ జబ్బు రెండు వైపుల నుంచీ వస్తేనే వస్తుంది. అంతర్గతం అంటే, లోపల ఏముందో రక్తపరీక్ష చేయించి చూద్దామన్న ఆలోచనైనా పుడుతుంది.

ప్రశ్న: అర్థమైంది మాస్టారూ. ‘రహస్యం బహిర్గతమైంది’ అంటారే, అదే బహిర్గతమా?

జవాబు: అదేనమ్మా. పాపకి ఆ వాక్యంతోనే చెప్పండి.