డెబియన్ ఆన్ అవుతున్నప్పుడు వచ్చే లైన్లు తగ్గించడం ఎలా?

ప్రశ్న:

అమ్మ కోసం పాత ల్యాప్‌టాప్‌లో డెబియన్ అనే లినక్స్ వేసి ఇచ్చాను. డెస్క్‌టాప్ వచ్చాక ఏ ఇబ్బందీ లేదు. సమస్యంతా దానికి ముందే. పవర్ బటన్ నొక్కగానే నల్ల తెర మీద "ఏసీపీఐ బయోస్ ఎర్రర్" అంటూ ఆరేడు లైన్లు పడతాయి, తర్వాత ఎర్ర చుక్కలు అటూ ఇటూ కదులుతూ "ఎ స్టార్ట్ జాబ్ ఈజ్ రన్నింగ్" అని ఒక లైను, దాని పక్కన 1 నిమిషం 30 సెకన్ల వరకూ లెక్క. ఎర్రర్ అన్న మాట కనిపిస్తే చాలు, పాడైపోయిందేమోనని అమ్మ మూత వేసేసి నాకు ఫోన్ చేస్తుంది. గ్రబ్ (సిస్టమ్‌ను మొదలుపెట్టే బూట్ లోడర్) సెట్టింగ్స్‌లో లైన్లు తగ్గించే క్వైట్ ముందు నుంచే ఉంది, అయినా ఇవన్నీ వస్తున్నాయి. ఎక్కడో చూసి, ఏ స్థాయి మెసేజ్‌లు తెర మీదికి రావాలో చెప్పే లాగ్‌లెవెల్=3 పెడదామనుకుంటున్నాను, సరిపోతుందా? ఇంకో విషయం, మధ్యలో పక్క పార్టిషన్‌లో వేరే డిస్ట్రో (ఇంకో రకం లినక్స్) వేసి చూసి తీసేశాను, దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో తెలియదు.

జవాబు 1:

సంబంధం ఉందండి, ఆ చివరి వాక్యంలోనే సగం జవాబు ఉంది. మీరు చెప్పినవి రెండూ వేరు వేరు సమస్యలు. ఒకటి దాచేది, ఇంకోటి బాగు చేయాల్సింది.

ముందు ఆ 1 నిమిషం 30 సెకన్ల సంగతి. సిస్టమ్‌డీ (బూట్ సమయంలో అన్నింటినీ మొదలుపెట్టే ప్రోగ్రామ్) ఏదో డిస్క్ కోసం ఎదురుచూస్తోంది, అది ఎప్పటికీ రాదు. రెండో డిస్ట్రో ఇన్‌స్టాలర్ మీ స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే) పార్టిషన్‌ను మళ్లీ ఫార్మాట్ చేసి ఉంటుంది, చాలా ఇన్‌స్టాలర్లు అడగకుండానే ఆ పని చేస్తాయి. ఫార్మాట్ అయితే యూయూఐడీ (పార్టిషన్‌ను గుర్తించే నంబరు) మారిపోతుంది, కానీ మీ డెబియన్‌లోని ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (ఏ పార్టిషన్లు వాడాలో చెప్పే ఫైలు) పాతదే ఉంది. బీఎల్‌కే‌ఐడీ కమాండ్ కొట్టి స్వాప్ పక్కన ఉన్న నంబరును ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లోని నంబరుతో పోల్చి చూడండి. తేడా ఉంటే కొత్తది రాయండి. అక్కడితో ఆగకండి, చాలామంది మర్చిపోయేది ఇక్కడే: ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ టూల్స్ ఫోల్డర్‌లోని కాన్ఫ్.డీలో రెజ్యూమ్ అనే ఫైలు ఉంటే అందులోనూ పాత యూయూఐడీయే ఉంటుంది, అదీ మార్చి, బూట్ మొదట్లో వాడే ఇమేజ్‌ను మళ్లీ తయారుచేసే అప్‌డేట్-ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ రన్ చేయాలి.

క్వైట్ ఉన్నా ఆ లైను ఎందుకు కనిపిస్తోందంటే, క్వైట్ ఉన్నప్పుడు సిస్టమ్‌డీ స్టేటస్ లైన్లు చూపించదు, కానీ ఏదైనా ఫెయిలైనా, బాగా ఆలస్యమైనా మళ్లీ చూపించడం మొదలుపెడుతుంది. అది అలా చెప్పడం మంచిదే, దాచే ప్రయత్నం చేయకండి.

జవాబు 2:

పైన చెప్పింది నిజం. లాగ్‌లెవెల్ గురించి మాత్రం నేను చెప్పాలి, ఎందుకంటే దానివల్ల ఒకసారి దెబ్బ తిన్నాను.

కెర్నెల్ (సిస్టమ్‌కు మూలమైన భాగం) మెసేజ్‌లకు 0 నుంచి 7 వరకు స్థాయిలు ఉంటాయి. 0 అంటే సిస్టమ్ ఇక పనికిరాని స్థితి, 3 ఎర్రర్, 4 వార్నింగ్, 6 మామూలు సమాచారం, 7 డీబగ్. మీరిచ్చిన అంకె కంటే తక్కువ స్థాయివి మాత్రమే తెర మీదికి వస్తాయి. అంటే లాగ్‌లెవెల్=3 పెడితే 0, 1, 2 మాత్రమే కనిపిస్తాయి, ఎర్రర్లు కనిపించవు. "3 పెడితే ఎర్రర్లు కనిపిస్తాయి, మిగతావి పోతాయి" అని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. క్వైట్ అసలు విలువ 4, అందుకే మీకు ఏసీపీఐ ఎర్రర్లు దాన్ని దాటుకుని వస్తున్నాయి. క్వైట్, లాగ్‌లెవెల్ రెండూ ఇస్తే వరుసలో తర్వాత ఉన్నదే చెల్లుతుంది, కాబట్టి లాగ్‌లెవెల్‌ను చివర రాయాలి.

ఇక నాకు జరిగింది. తెర శుభ్రంగా ఉండాలని 3 పెట్టుకుని నెలల తరబడి హాయిగా ఉన్నాను. ఒకరోజు ఫోటోల ఫోల్డర్ తెరుస్తుంటే మెషీన్ బిగుసుకుపోయింది. జర్నల్‌సీటీఎల్‌లో (సిస్టమ్ లాగ్ చూపించే కమాండ్) పాత బూట్‌లు తిరగేస్తే "ఐఓ ఎర్రర్, డెవ్ ఎస్‌డీఏ, సెక్టార్" అంటూ అదే సెక్టార్ మళ్లీ మళ్లీ, వారాల ముందు నుంచీ. ఆ లైన్లు కూడా 3వ స్థాయివే. తెర మీద ఒక్కసారి కనిపించి ఉన్నా ఆ రోజే బ్యాకప్ తీసేవాడిని. కొన్ని ఫోటోలు తిరిగి రాలేదు.

అందుకని, అమ్మగారి మెషీన్ కాబట్టి 3 పెట్టొద్దని అనను, ఆ భయం పోవడం ముఖ్యమే. కానీ పెట్టేముందు స్మార్ట్‌మాన్‌టూల్స్ ఇన్‌స్టాల్ చేసి స్మార్ట్‌డీ (డిస్క్ ఆరోగ్యాన్ని గమనించే ప్రోగ్రామ్) నడిచేలా చూడండి, మీకు మెయిల్ వచ్చేలా పెట్టుకోండి. తెర నోరు మూయిస్తున్నప్పుడు వేరే ఎవరో ఒకరు చెప్పాలి కదా. మీరు వెళ్లినప్పుడల్లా ఒకసారి జర్నల్‌సీటీఎల్ -బీ -పీ ఎర్ర్ కొట్టి చూడండి. తెర మీద దాచినా లాగ్‌లో మాత్రం అన్నీ ఉంటాయి.

ఏసీపీఐ (పవర్, బ్యాటరీ, ఫ్యాన్ లాంటివి నడిపే ఏర్పాటు) లైన్ల సంగతంటారా, అవి తయారీదారు రాసిన బయోస్ టేబుల్స్‌లోని తప్పులు. టేబుల్‌లో ఒక చోట ఏదో పేరు వాడతారు, దాన్ని ఎక్కడా నిర్వచించరు, కెర్నెల్ అదే చెబుతోంది. ముందు బయోస్ అప్‌డేట్ ఉందేమో చూడండి. లేకపోతే, బ్యాటరీ, స్లీప్, ఫ్యాన్ అన్నీ సరిగ్గా పనిచేస్తుంటే దాచేయొచ్చు.

జవాబు 3:

ప్లిమత్ పెట్టి, గ్రబ్ ఫైల్లో క్వైట్ పక్కన స్ప్లాష్ అని కలపండి అన్నా. తెర మీద బొమ్మ ఉంటుంది, మీరు చూడాలనుకుంటే ఎస్కేప్ నొక్కితే లైన్లు వస్తాయి. మొదట్లో ఒక్క క్షణం ఏదైనా మెరిస్తే మెరవొచ్చు. గ్రబ్ ఫైలు మార్చాక అప్‌డేట్-గ్రబ్ కొట్టడం మర్చిపోవద్దు. ఎప్పుడైనా బూట్ ఆగిపోతే గ్రబ్ మెనూలో 'e' అక్షరం నొక్కి, క్వైట్, స్ప్లాష్, లాగ్‌లెవెల్ చెరిపేసి ఎఫ్10 నొక్కండి. ఆ ఒక్కసారికి అన్ని లైన్లూ వస్తాయి, ఫైలు మారదు.

జవాబు 4:

ఫ్రీబీఎస్‌డీ (లినక్స్ లాంటి మరో సిస్టమ్) వాడేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే: లోడర్.కాన్ఫ్‌లో బూట్_మ్యూట్‌కు యెస్ ఇస్తే కెర్నెల్ లైన్లు పోతాయి, ఆర్‌సీ.కాన్ఫ్‌లో ఆర్‌సీ_స్టార్ట్‌ఎంఎస్‌జీఎస్‌కు నో ఇస్తే సర్వీసులు "స్టార్టింగ్" అనడం మానేస్తాయి. దాచినవి వార్ రన్‌లోని డీమెసెజ్.బూట్ ఫైల్‌లో చదువుకోవచ్చు.

ప్రశ్న అడిగిన వ్యక్తి:

అందరికీ థాంక్స్. యూయూఐడీ తేడాగానే ఉంది. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో, రెజ్యూమ్ ఫైల్‌లో మార్చాను, ఎర్ర చుక్కలు పోయాయి, ఆ నిమిషంన్నర ఎదురుచూపూ పోయింది. బయోస్‌కు కొత్త వెర్షన్ దొరికింది, వేశాక ఏసీపీఐ లైన్లు రెండే మిగిలాయి. 3 పెట్టలేదు. క్వైట్ అలాగే ఉంచి స్ప్లాష్ కలిపాను, ఆ రెండూ బొమ్మ వెనకే ఉండిపోతున్నాయి. స్మార్ట్‌డీ కూడా పెట్టాను, డిస్క్‌లో పెండింగ్ (చదవడానికి మొరాయిస్తున్న) సెక్టార్లు సున్నా. రెండో జవాబు ఇచ్చినవారు మీ ఫోటోల విషయం చెప్పకపోయి ఉంటే డిస్క్ వైపు చూసేవాడినే కాదు.