నికర ఆస్తి లెక్కలో చీటీ, బంగారం ఎలా రాసుకోవాలి?

నాకు 27 ఏళ్లు. సొంతూరు తెనాలి, హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరి నాలుగేళ్లయింది. ఉన్నదెంత, అప్పెంత అని మొన్న ఆదివారం మొదటిసారి కాగితం మీద రాసుకున్నాను. పీఎఫ్‌లో 3,10,000, మ్యూచువల్ ఫండ్స్‌లో 1,85,000, బ్యాంకులో 90,000 ఉన్నాయి. ఎడ్యుకేషన్ లోన్ ఇంకా 6,40,000. అంటే 55,000 మైనస్! ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

కానీ ఐదు లక్షల చీటీ ఒకటి కడుతున్నాను. 25 నెలల్లో 14 అయ్యాయి, ఇంకా పాడలేదు. డివిడెండ్ (పాట తగ్గింపులో నాకు వచ్చే వాటా) పోను ఇప్పటిదాకా కట్టింది 2,40,000. అది కలిపితే 1,85,000 ప్లస్ అవుతుంది. కట్టినదంతా ఆస్తిగా రాసుకోవచ్చా? లేక ఈ నెల పాడితే చేతికొచ్చే డబ్బులోంచి మిగతా 11 వాయిదాలు తీసేసి, మిగిలిందే రాయాలా? నాకు రెండోదే సరైనదనిపిస్తోంది, కానీ ఇంట్లో ఎవరూ ఒప్పుకోవడం లేదు.

అమ్మ చేయించిన ఆరు కాసుల బంగారం కూడా ఉంది. అమ్మే ఉద్దేశం లేదు. రాస్తే తరుగు, మజూరీ వదిలేసి బరువుకే ధర కట్టాలి కదా?

పీఎఫ్‌లో కంపెనీ వాటా నుంచి నెలకు 1,250 పెన్షన్‌కు పోతోంది, దాన్ని కలపలేదు. నాన్న పేరు మీదున్న ఎకరం పొలం కూడా కలపలేదు, అది ఆయనది.

లోన్ వడ్డీ 10.5 శాతం. చీటీ డబ్బు రాగానే మొత్తం లోన్‌కే కట్టేయనా, కొంత చేతిలో ఉంచుకోనా? ఈ దశ దాటినవాళ్లు మీరెలా చేశారో దయచేసి చెప్పండి.