రెండు బిందువుల గుండా పోయే సరళరేఖ: ఒక్కొక్కరికి ఒక్కోలా సమీకరణం వస్తోంది, ఏది కరెక్ట్?

కరీంనగర్_కుర్రాడు:
అందరికీ నమస్తే. నేను ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ, టెన్త్ దాకా తెలుగు మీడియం. సరళరేఖల చాప్టర్‌లో ఒక డౌట్. (−2, 5), (4, −7) అనే రెండు బిందువుల గుండా పోయే రేఖ సమీకరణం కనుక్కోమన్నారు. వాలు −2 వచ్చింది, అది క్లాసులో అందరికీ అంతే. తర్వాత నేను మొదటి బిందువు పట్టుకుని వై − 5 = −2(ఎక్స్ + 2) అని రాశా, నా పక్కనోడు రెండో బిందువు పట్టుకుని వై + 7 = −2(ఎక్స్ − 4) అని రాశాడు, బుక్ వెనక చూస్తేనేమో 2ఎక్స్ + వై − 1 = 0 అని ఉంది. మూడూ ఒకటేనా? ఒకటే అయితే ఏ బిందువు తీసుకున్నా అదే రేఖ ఎలా వస్తుందో కొంచెం చెప్పండి, ఫార్ములా అంతే అనొద్దు ప్లీజ్. ఇంకోటి, వాలులో వై తేడా పైన, ఎక్స్ తేడా కింద ఎందుకు రాయాలి, తిరగేస్తే ఏమవుతుంది?

ట్యూషన్_అక్క:
మూడూ ఒకటే తమ్ముడూ. బ్రాకెట్ విప్పి చూడు. నీది వై − 5 = −2ఎక్స్ − 4, అంటే వై = −2ఎక్స్ + 1. మీవాడిది వై + 7 = −2ఎక్స్ + 8, మళ్ళీ వై = −2ఎక్స్ + 1. అన్నీ ఒక పక్కకి తెచ్చేస్తే బుక్కులో ఉన్నది వచ్చేస్తుంది.

ఎందుకు అని అడిగావు చూడు, అది మంచి ప్రశ్న, చాలామంది అడగకుండానే ఫార్ములాలు బట్టీ పట్టేస్తారు. ఎక్స్ ఒకటి పెరిగితే వై ఎంత మారుతుందో అదే వాలు. నీ లెక్కలో ఎక్స్ −2 నుంచి 4 కి వచ్చింది, 6 పెరిగింది, ఈలోగా వై 5 నుంచి −7 కి దిగింది, 12 తగ్గింది. కాబట్టి ఒక్కో అడుగుకి 2 తగ్గుతోంది. ఇప్పుడు అడుగు అడుగూ రాసుకుంటూ పో: (−2, 5), (−1, 3), (0, 1), (1, −1), (2, −3), (3, −5), (4, −7). వీటిలో ఏ రెండు తీసుకుని వాలు కట్టినా −2 నే వస్తుంది, వేసి చూడు. ఎక్కడ కొలిచినా వాలు మారదు కాబట్టే అది సరళరేఖ, మారితే అది వంకర గీత అయిపోతుంది.

ఇప్పుడు రేఖ మీద ఎక్కడో ఒక బిందువు ఉంది, దాని పేరు (ఎక్స్, వై) అనుకో. తెలిసిన బిందువు (−2, 5) నుంచి దానికి వాలు కడితే అది కూడా −2 కావాలి కదా, అంటే (వై − 5)/(ఎక్స్ + 2) = −2. కింద ఉన్నదాన్ని అటు పంపితే నువ్వు రాసిన సమీకరణమే. మీవాడు అదే పని (4, −7) నుంచి చేశాడు, అంతకంటే తేడా ఏం లేదు. ఒక్కటే జాగ్రత్త, పైన ఏ బిందువు నుంచి ఏది తీసేశావో కింద కూడా అదే వరసలో తీసెయ్, వరస మారిందా గుర్తు తిరగబడుతుంది.

లెక్కల_మాస్టారు:
అమ్మాయి బాగా చెప్పింది. తిరగేస్తే ఏమవుతుందన్న దానికి నేను చెప్తా బాబూ. బల్లపరుపుగా ఉన్న రేఖకి వాలు 0 రావాలి, నిటారు అయ్యేకొద్దీ సంఖ్య పెరగాలి, మనకి కావాల్సింది అది. వై తేడా పైన ఉంటేనే అలా వస్తుంది. తిరగేస్తే నిటారు రేఖకి చిన్న సంఖ్య, బల్లపరుపు రేఖకి కింద సున్నా. పైగా ఎక్స్ అక్షం ధన దిశతో రేఖ చేసే కోణం థీటా అయితే వాలు అంటే ట్యాన్ థీటా, అది కూడా ఈ వరసలోనే కుదురుతుంది. 45 డిగ్రీలకి 1, 135 డిగ్రీలకి −1. నీ రేఖ వాలు −2 కాబట్టి కోణం సుమారు 116.6 డిగ్రీలు, అధిక కోణం, ఎడమ నుంచి కుడికి దిగుతుంది.

(3, 1), (3, 8) ఇస్తే ఏం చేస్తావు? ఎక్స్ తేడా సున్నా, భాగించలేం, వాలు నిర్వచితం కాదు. దాన్ని వాలు సున్నా అని రాసేవాళ్ళు ఏటా ఉంటారు, సున్నా వాలు అంటే అడ్డంగా పోయే రేఖ, ఇది నిలువు రేఖ, సమీకరణం ఎక్స్ = 3, అంతే. వై = ఎం ఎక్స్ + సి లో (ఎం అంటే వాలు, సి అంటే ఎక్స్ సున్నా దగ్గర వై విలువ) ఈ రేఖ ఇమడదు. ఎ ఎక్స్ + బి వై + సి = 0 లో ఇముడుతుంది, అందుకే బుక్కులో ఆన్సర్లు ఎక్కువగా ఆ రూపంలో ఇస్తారు, అందులో బి సున్నా కాకపోతే వాలు −ఎ/బి. అంతరఖండ రూపానికీ, అంటే ఎక్స్/ఎ + వై/బి = 1 కి, ఇలాంటి హద్దే ఉంది, మూలబిందువు గుండా పోయే రేఖని అందులో రాయలేం.

ట్రాక్_పని:
రైల్వే సివిల్ సైడ్ పని చేస్తాను, మాకు రోజూ ఇదే. మేం వాలుని 1 ఇన్ 37 అంటాం, అంటే 37 మీటర్లు అడ్డంగా పోతే 1 మీటరు ఎక్కుతుంది, నీ భాషలో వాలు 1/37. ముంబై పుణె దారిలో భోర్ ఘాట్ అంత వాలు. కోణంలో చూస్తే ఒకటిన్నర డిగ్రీ చిల్లర, కంటికి ఏమీ అనిపించదు కానీ బరువు లాగే ఇంజన్‌కి తెలుస్తుంది, అక్కడ వెనక నుంచి కూడా ఇంజన్లు పెట్టి తోస్తారు. ఊటీ కొండ రైలు దారిలో దాదాపు 1 ఇన్ 12 దాకా ఉంది, మామూలు చక్రం జారిపోతుంది కాబట్టి కల్లార్ నుంచి కూనూర్ దాకా పట్టాల మధ్య పళ్ళ పట్టా వేశారు. ఇక డ్రాయింగ్‌లో మొదలు లెవెల్ 100 మీటర్లు, 1 ఇన్ 200 ఎక్కుడు అని ఉంటే, దూరం ఎక్స్ దగ్గర లెవెల్ వై = ఎక్స్/200 + 100. 600 మీటర్ల దగ్గర 103. 1/200 నీ ఎం, 100 నీ సి.

కరీంనగర్_కుర్రాడు:
థాంక్స్ అక్కా, సార్, అన్నా. ఇది చూసి సెల్సియస్, ఫారన్‌హీట్‌తో వేసి చూశా. నీళ్ళు గడ్డకట్టేది (0, 32), మరిగేది (100, 212), వాలు 180/100 అంటే 9/5, సున్నా దగ్గర 32 కాబట్టి ఫారన్‌హీట్ = 9/5 సెల్సియస్ + 32. ఫిజిక్స్‌లో ఉన్న ఫార్ములా అచ్చంగా అదే వచ్చేసింది! చివరిది సార్, నా మొదటి రేఖకి (4, −7) దగ్గర లంబంగా రేఖ కావాలంటే? వాలుల లబ్ధం −1 అని తెలుసు, ఎందుకో తెలీదు.

లెక్కల_మాస్టారు:
నీ రేఖ మీద 1 కుడికి, 2 కిందికి వెళ్తున్నావు. ఆ కదలికని గడియారం ముల్లుకి ఎదురు దిశలో 90 డిగ్రీలు తిప్పు, 2 కుడికి, 1 పైకి అవుతుంది, గ్రాఫ్ పేపర్ తిప్పి చూస్తే కనిపిస్తుంది. అంటే వాలు −2 కాస్తా 1/2 అయింది, తిరగబడింది, గుర్తు మారింది, లబ్ధం −1. నిలువు, అడ్డం రేఖల జతకి మాత్రం ఇది వాడకు, అక్కడ ఒకదానికి వాలే లేదు. ఇక వై + 7 = 1/2 (ఎక్స్ − 4), సర్దితే ఎక్స్ − 2వై − 18 = 0. చెక్ చేసుకో, (4, −7) నుంచి 2 కుడికి 1 పైకి వెళ్తే (6, −6), అందులో వేస్తే 6 + 12 − 18 = 0.