ముగ్గురు ఆడే గింజల ఆటలో లెక్క ఎలా కట్టాలి?

మాది ప్రొద్దుటూరు. మా పిల్లలు ముగ్గురూ అరుగు మీద చింతగింజలు కుప్పలు పోసి ఆడుతున్నారు. వంతుకు ఒకే కుప్పలోంచి ఎన్నయినా తీయవచ్చు. ఆఖరి గింజ తీసినవారిదే గెలుపు. ఇద్దరికైతే 1901లో గణితవేత్త బౌటన్ చూపిన ద్విసంఖ్యామాన పద్ధతి (సంఖ్యలను 0, 1లతోనే రాసి లెక్కకట్టడం) చాలు, ముగ్గురికి అది చాలదు.

1, 2 గింజల కుప్పలే చూడండి. మొదటివారు ఎలాగూ గెలవలేరు. కానీ 2 గింజల కుప్పలోంచి ఒక గింజ తీస్తే మూడోవారు, మరెలా తీసినా రెండోవారు గెలుస్తారు. నిన్న చిన్నది ఇక్కడే చేయి ఆపి, అక్కల ముఖాలు మార్చి మార్చి చూసింది.

ఆఖరి గింజకు ముందు ఆడినవారికి రెండో స్థానం ఇస్తే, ప్రతి కుప్పలోని గింజల లెక్కను ద్విసంఖ్యగా రాసి, ఒక్కో అంకె స్థానంలోని 1లను కూడి 3తో భాగించాలని, శేషాలన్నీ సున్నా అయితే మొదట ఆడేవారికి చివరి స్థానమేనని చదివాను. 3తోనే ఎందుకు? పదో తరగతి పిల్లకు అర్థమయ్యే నిరూపణ ఎవరైనా చెప్పగలరా?