వ్యాన్‌లో ఇన్వర్టర్ పోయింది: డబ్బా మారిస్తే చాలా, వైరింగ్ కూడా మార్చాలా?

శ్రీకాకుళం నుంచి:
మా వింగర్ వ్యాన్‌లో రెండు మంచాలు, చిన్న వంటగట్టు కట్టించుకుని ఇంటిల్లిపాదీ తిరుగుతుంటాం. మొన్న కళింగపట్నం బీచ్ దగ్గర మిక్సీ వేయగానే ఇన్వర్టర్ కుయ్‌మని అరిచి ఆగిపోయింది. కాలిన వాసన. అది 12 వోల్టులు, 1000 వాట్లది. బ్యాటరీ వెనక డిక్కీలో, ఇన్వర్టర్ డ్రైవర్ సీటు వెనక. మధ్య 3 మీటర్లు, 16 ఎస్‌క్యూ ఎంఎం (చదరపు మిల్లీమీటర్ల మందం) రాగి వైరు. పాత వైర్లకే కొత్తది బిగించేస్తానంటున్నాడు మెకానిక్. ఒప్పుకోమంటారా?

బొబ్బిలి నుంచి:
ఒప్పుకోండి. రాగి అరిగిపోదు కదా. వైరింగ్ అంటే వ్యాన్ లోపలి ప్యానెళ్లన్నీ ఊడదీయాలి, మళ్లీ బిగించాక దారంతా గడగడలే. ఆ డబ్బులతో మంచి ప్యూర్ సైన్ ఇన్వర్టర్ (ఇంటి కరెంటు లాంటి నున్నటి కరెంటు ఇచ్చేది) కొనుక్కోవచ్చు.

రాజాం నుంచి:
నేనైతే ఒప్పుకోను అన్నయ్యా. 1000 వాట్లను 12తో భాగిస్తే 83 ఆంపియర్లు. ఇన్వర్టర్‌లో పోయేది కలిపితే 100కి దగ్గర. రానూ పోనూ 6 మీటర్ల వైరు, అంటే వైరులోనే 0.7 వోల్టు పోతుంది. మోటారు స్టార్టయ్యేటప్పుడు ఇంకా లాగుతుంది.

బొబ్బిలి నుంచి:
ఆయన మిక్సీ 500 వాట్లే ఉంటుంది తమ్ముడూ. ఫుల్ లోడు లెక్క దానికి ఎందుకు?

రాజాం నుంచి:
సరే, 50 ఆంపియర్లే అనుకుందాం. 0.35 వోల్టు పోవాలి. అంతకు మించి పోతే తప్పు జాయింట్లలో ఉన్నట్టే. అన్నయ్యా, కొత్తది కొనేముందు ఎవరిదైనా ఇన్వర్టర్ తెచ్చి తగిలించి, మిక్సీ నడుస్తుండగా వైరు రెండు చివర్లా వోల్టులు చూపే మీటరు పెట్టి చూడండి.

శ్రీకాకుళం నుంచి:
చూశాను. బ్యాటరీ దగ్గర 12.3, ఇన్వర్టర్ దగ్గర 11.1! టేపు విప్పితే నెగటివ్ లగ్గు (వైరు చివర నొక్కి బిగించే లోహపు ముక్క) పచ్చగా చిలుము పట్టి, వేలితో తిప్పితే తిరుగుతోంది. సుత్తితో కొట్టి నొక్కిన లగ్గు అది.

రాజాం నుంచి:
1.2 వోల్టులు పోయాయి. వైరు వాటా తీసేస్తే జాయింట్ల దగ్గర 0.85. దాన్ని 50తో గుణిస్తే 40 వాట్లు దాటింది, అదంతా వేడే. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ సీసం కరిగిస్తుంది, ఇది పిల్లలు పడుకునే మంచం కింద! ఉప్పుగాలికి ఈ చిలుము మళ్లీ వస్తుంది.

పలాస నుంచి:
2018లో తిత్లీ తుపానుకి కరెంటు లేక జీపు బ్యాటరీకి ఇన్వర్టర్ పెట్టాం. సన్నవైరు, ఫ్యూజు లేదు. రెండో రాత్రికి తొడుగు కరిగి సీటుకి అతుక్కుపోయింది. ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి.

బొబ్బిలి నుంచి:
లగ్గు సంగతి ఒప్పుకుంటున్నాను. కానీ వైరంతా ఎందుకు? ఇన్వర్టర్‌నే డిక్కీలోకి జరపండి, మీటరు పొడవు వైరు చాలు. 230 వోల్టుల లైను ముందుకి లాక్కోవచ్చు, దానికి ఆంపియర్లు తక్కువ.

శ్రీకాకుళం నుంచి:
అదే చేస్తున్నాను. మీటరు పొడవు 35 ఎస్‌క్యూ ఎంఎం వైరు, హైడ్రాలిక్ ప్రెస్‌తో నొక్కించిన లగ్గులు, బ్యాటరీ పక్కన ఫ్యూజు. బయటి కరెంటు, ఇన్వర్టర్ కరెంటు ఎప్పుడూ కలవకుండా చేంజోవర్ స్విచ్ కూడా. మెకానిక్‌కి మీటరు రీడింగులు చూపిస్తే తనే పాత లగ్గు కోసి పక్కన పెట్టాడు.