తిరుపతి ఎండల్లో మిద్దె మీద హైడ్రోపోనిక్స్: కొత్తవాళ్లు దిగొచ్చా, మట్టి సంచులే మేలా?

కొర్లగుంట మిద్దె:
అందరికీ నమస్కారం. మా ఇంటి పైన మిద్దె ఖాళీగా ఉంది. మట్టి లేకుండా నీళ్లలోనే, అదే హైడ్రోపోనిక్స్ పద్ధతిలో, ఆకుకూరలు పెంచుదామని ఇంట్లో అనుకుంటున్నాం. దుకాణంలో పైపులు, మోటారు, స్టాండు కలిపి కిట్ చూపించారు. రేటు వినగానే మా నాన్న "ఆ డబ్బుకు ఏడాదంతా ఆకుకూర వస్తుంది గదా" అన్నారు. మే నెలలో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, మా బోరు నీళ్లేమో ఉప్పన. ఈ ఊళ్లో మాలాంటివాళ్లు ఇందులోకి దిగొచ్చా? చేసినవాళ్లు చెప్పండి.

తిరుచానూరు మట్టితోట:
మట్టితోనే మొదలుపెట్టండి అన్నా. ఒక పూట నీళ్లు మరిచిపోయినా, ఎరువు కాస్త ఎక్కువ పడినా మట్టి సర్దుకుంటుంది. నీళ్లలో పెంచే మొక్కకు ఆ అండ లేదు. ఆ పైపుల్లో నీళ్లు పల్చగా పారుతుంటాయి, వేర్లు వాటినే నమ్ముకుని ఉంటాయి. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయి మోటారు ఆగిందంటే సాయంత్రానికి పాలకూర మొత్తం వాలిపోతుంది. పైగా వంటింటి తొక్కలు, రాలిన ఆకులు మట్టిలో కలిస్తే అదే ఎరువు. హైడ్రోపోనిక్స్‌లో ప్రతి చెంచా కొని వేయాల్సిందే.

బైరాగిపట్టెడ ఆకుకూర:
కరెంటు గురించి అన్న చెప్పింది నిజం. కానీ ఆ కష్టం పైపుల పద్ధతిది. హవాయి విశ్వవిద్యాలయంలో పనిచేసిన క్రాట్కీ అనే శాస్త్రవేత్త ప్రచారంలోకి తెచ్చిన పద్ధతికి మోటారు అక్కర్లేదు. మూత ఉన్న 20 లీటర్ల బకెట్ చాలు. మూతకు రంధ్రాలు చేసి, కొబ్బరిపీచు పొడి నింపిన జాలీ కప్పుల్లో నారు పెట్టి, కప్పు అడుగు తడిసేదాకా పోషకాలు కలిపిన నీళ్లు పోయాలి. మొక్క తాగేకొద్దీ నీళ్లు దిగుతాయి, పైన మిగిలిన ఖాళీలో వేర్లు గాలి పీల్చుకుంటాయి. నీళ్లు తగ్గాయని మళ్లీ నిండా పోస్తే మాత్రం గాలికి అలవాటుపడిన వేర్లు ఊపిరాడక చస్తాయి.

మన ఊళ్లో అసలు ప్రమాదం వేడెక్కిన నీళ్లు. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు దాదాపు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉంటుంది, 30 డిగ్రీలకు అది 7.5కి పడిపోతుంది. వేర్లకేమో వేడికి ఆక్సిజన్ ఇంకా ఎక్కువ కావాలి. అదే అదనుగా పిథియం అనే కుళ్లు పట్టుకుంటుంది. మూత తీసి చూడండి: తెల్లగా ఉండాల్సిన వేర్లు గోధుమ రంగుకు తిరిగి ఉంటాయి, మెల్లగా లాగితే పైపొర చేతికి ఊడొచ్చి లోపల సన్నటి దారం మిగులుతుంది, మురుగు వాసన వస్తుంది. అప్పుడిక ఆ మొక్క మీద ఆశ వదులుకోవాల్సిందే.

కాబట్టి ఏప్రిల్‌లో మొదలుపెట్టొద్దు. అక్టోబరు, నవంబరు వానలకు బకెట్లో నీళ్లు చేరితే పోషకాలు పలచబడతాయి. వానలు తగ్గాక డిసెంబరులో నారు పెట్టండి, ఫిబ్రవరి దాకా పాలకూర, లెట్యూస్ బాగా వస్తాయి. బకెట్లోకి వెలుతురు దూరితే పాచి పడుతుంది. నల్ల బకెట్ తీసుకుని పైన తెల్ల సున్నం పూయండి, అటు వెలుతురూ దూరదు, ఇటు వేడీ ఎక్కదు.

చిత్తూరు బోరునీళ్లు:
అక్కా, నీళ్ల సంగతి వదిలేశారు. ఆకుకూరలకు కలిపిన నీళ్ల ఈసీ (నీళ్లలో కరిగిన లవణాలు ఎన్నో చెప్పే కొలత) 1.2 నుంచి 1.8 దాకా ఉంటే చాలు. మా బోరు నీళ్లలో ఏమీ కలపకముందే మీటరు 1.6 చూపిస్తుంది. చూసి బలం సరిపోయిందనుకుంటారు. అందులో ఉండేది చాలావరకు కాల్షియం, మెగ్నీషియం, సోడియం, బైకార్బనేట్లు. మీటరు ఉప్పెంతో చెబుతుంది గానీ ఏ ఉప్పో చెప్పదు. దానిమీద ఎరువు కలిపితే ఆకు అంచులు మాడతాయి. పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం చెప్పే కొలత) 5.5 నుంచి 6.5 మధ్య ఉండాలి, బైకార్బనేట్లు దాన్ని పైకి లాగుతూనే ఉంటాయి. అది బాగా పెరిగితే ఇనుము మొక్కకు అందదు. లేత ఆకులు పసుపుకు తిరిగి ఈనెలు మాత్రం పచ్చగా నిలుస్తాయి.

ఆర్వో నీళ్లు వాడమనేవాళ్లున్నారు. ఆర్వో మిషను బయటికి వదిలేసే నీళ్లెన్నో చూశారా? వెయ్యి అడుగులు బోరు వేసినా చుక్క పడని ఊళ్లున్న జిల్లాలో పాలకూర కోసం అలా పారబోయడానికి నాకు మనసొప్పదు. మొదటి వాన మిద్దె కడగడానికి వదిలేసి, తర్వాతి వాననీళ్లు డ్రముల్లో పట్టుకోండి. సగం అవి, సగం బోరువి కలపండి.

తిరుచానూరు మట్టితోట:
అంతా బాగుంది. పంట తీశాక మిగిలిన ఆ ఉప్పు నీళ్లు ఎక్కడ పోస్తారు, కాలువలోనా? రసాయన లవణాలతో పెంచిన కూరను సేంద్రియం అని అమ్మేవాళ్లనూ చూశాను. తినేవాళ్లను మోసం చేయడమే అది.

బైరాగిపట్టెడ ఆకుకూర:
సేంద్రియం అనకూడదు, ఆ మాట మీతో నేనూ అంటాను. మిగిలిన నీళ్లు కాలువలో పోయకూడదు. రెండింతలు మంచినీళ్లు కలిపి అరటికో మందారానికో పోస్తే సరి. కానీ లవణాలంటే విషమన్నట్టు మాట్లాడితే ఒప్పుకోను. మీ కంపోస్టులోని నైట్రోజన్‌ను కూడా మట్టిలోని సూక్ష్మజీవులు నైట్రేటుగానో అమ్మోనియంగానో మార్చాకే మొక్క ఎక్కువగా తీసుకుంటుంది.

కొర్లగుంట అన్నా, కిట్ కొనకండి. ఈసీ, పీహెచ్ మీటర్లు కొనండి. పోషకాలు ఏ, బీ అని రెండు సీసాలుగా వస్తాయి. చిక్కగా ఉండగా ఆ రెంటినీ కలపొద్దు. ఒకదాంట్లోని కాల్షియం, రెండోదాంట్లోని సల్ఫేటు కలిసి జిప్సమై అడుగున తెల్లగా పేరుకుంటాయి, మొక్కకు అందవు. బకెట్ నీళ్లలో ఏ వేసి బాగా కలియబెట్టాకే బీ వేయాలి.

కొర్లగుంట మిద్దె:
మీటరు తెచ్చాను. బోరు 1.4, కార్పొరేషన్ కొళాయి 0.5. కొళాయి నీళ్లతోనే చేస్తాం. క్లోరిన్ వల్ల ఇబ్బందా?

చిత్తూరు బోరునీళ్లు:
ఒక రాత్రి మూత లేకుండా ఉంచితే చాలావరకు పోతుంది. 0.5 అంటే మంచి నీళ్లు, వదలొద్దు.

తిరుచానూరు మట్టితోట:
చేయండి అన్నా, కాదనను. పక్కనే ఒక మట్టి సంచిలో అదే రోజు అదే విత్తనం వేయండి. ఫిబ్రవరిలో రెండింటి ఖర్చూ, ఆకు తూకమూ ఇక్కడ రాయండి. అప్పటిదాకా నా ఓటు మట్టికే.