కొలెస్ట్రాల్ మాత్రలు నరాల జబ్బులకు పనికొస్తాయా?

వేపచెట్టు: మా అక్కకు పదకొండేళ్లుగా మల్టిపుల్ స్క్లెరోసిస్, అదే మెదడు, వెన్నుపాముల్లో నరాల పైపొర దెబ్బతినే జబ్బు. ఇప్పుడు మెల్లగా ముదిరే దశ, గోడ పట్టుకుని నడుస్తోంది. సిమ్వాస్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మాత్ర వాడితే మెదడు కుంచించుకుపోవడం తగ్గుతుందని చదివాను. ఎవరైనా వాడారా? కాళ్ల నొప్పులు వస్తాయా?

పెద్దబ్బాయి: నొప్పుల సంగతి నన్నడగండి. పక్షవాతం వచ్చాక నాన్నగారికి అదే రకం మాత్ర, అటోర్వాస్టాటిన్ 80 మిల్లీగ్రాములు రాశారు. రోజూ రాత్రి భోజనమయ్యాక నేనే చేతిలో పెట్టేవాడిని. రెండు నెలలకే పిక్కలు పట్టేసి మెట్లెక్కలేకపోయారు. అంత డోసు ఎందుకో!

పాతమందులషాపు: ముప్పై ఏళ్లు కౌంటరు వెనక నిలబడ్డవాడిని, వినండి. ఆ 80 ఊరికే రాయరు. 2006లో 4731 మందిపై చేసిన పరీక్షలో పక్షవాతం తిరగబెట్టడం తగ్గింది. పైగా అది రాత్రే వేయాలన్న నియమం లేదు, సిమ్వాస్టాటిన్‌కే ఉంది. వేపచెట్టు గారూ, 2014లో 140 మందిపై చేసిన పరీక్షలో సిమ్వాస్టాటిన్ వాడినవాళ్లకు మెదడు కుంచించుకుపోయే వేగం 43 శాతం తగ్గింది. నిశ్చింతగా మొదలుపెట్టండి.

పెద్దబ్బాయి: రాత్రి అని డాక్టరే చీటీ మీద రాశారు. మీరు ఆయన కంటే ఎక్కువా?

పాతమందులషాపు: రాత్రి తప్పన్నానా? పొద్దున వేసినా ఒకటే అన్నాను. ఆ మందు ఒంట్లో చాలాసేపు ఉంటుంది. చదవకుండా పోట్లాటకు రాకండి.

కాకరపువ్వు: ఈ మాత్రలతో మతిమరుపు వస్తుంది. మా అత్తగారు మొదలుపెట్టినప్పటి నుంచి పాలు పొయ్యి మీద పెట్టి మరచిపోతున్నారు.

పెద్దబ్బాయి: వయసెంత?

కాకరపువ్వు: 84. అయితే?

థేమ్స్ ఒడ్డున: నాదీ అక్కగారి జబ్బే. షాపు గారూ, మొదలుపెట్టమనడానికి మీరెవరు? మీరు చెప్పిన 140 మందిది తొలి పరీక్ష. తర్వాత ఇక్కడ బ్రిటన్‌లో 964 మందితో పెద్దది చేశారు. 2024 సెప్టెంబరులో ఫలితం చెప్పారు: ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లకూ అసలు మాత్ర మింగినవాళ్లకూ వైకల్యం పెరగడంలో తేడా లేదు. ఆ వార్త చదివి ఫోను బోర్లా పెట్టేసి, టీ చల్లారేదాకా అలాగే కూర్చున్నాను. పార్కిన్సన్స్‌కూ అంతే, అల్జీమర్స్‌కూ అంతే.

పాతమందులషాపు: 2024ది నేను చూడలేదు. నా 43 శాతం మాత్రం తప్పు కాదు.

థేమ్స్ ఒడ్డున: స్కానులో తప్పు కాదు. నడకలో ఏదీ?

వేపచెట్టు: అక్కకు కొలెస్ట్రాల్ కూడా 240 ఉంది. దానికోసమైతే వాడవచ్చు కదా? డాక్టరును శనివారం కలుస్తున్నాం.

పాతమందులషాపు: అందుకైతే ఆయన్నే అడగండి. సిమ్వాస్టాటిన్ రాస్తే మాత్రం పంపరపనస తినవద్దు.

పెద్దబ్బాయి: రాత్రా, పొద్దునా?